పుర్రె బొమ్మలతో మత్తు ఆగుతుందా?

బడులు తెరిచిన రెండు వారాలకే జూన్ 26 వచ్చేస్తుంది. మాదకద్రవ్యాల వాడకానికీ అక్రమ రవాణాకీ వ్యతిరేకంగా ఏటా ఒక రోజు జరపాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం 1987 డిసెంబరులో తీర్మానించి ఎంచుకున్న తేదీ అది. తెలుగునాట చాలా ఉన్నత పాఠశాలల్లో ఆ రోజు ఒక ర్యాలీ, ఒక ప్రతిజ్ఞ, ఒక పోస్టర్ల పోటీ ఉంటాయి. ముందురోజు సాయంత్రం డ్రాయింగ్ మాస్టారో, ఆయన లేనిచోట సైన్సు టీచరో "రేపు అందరూ చార్టు తెచ్చుకోండి" అని చెప్తారు. మర్నాటికి వరండా గోడ నిండిపోతుంది. దగ్గరికెళ్ళి చూస్తే బొమ్మలన్నీ ఒకే అచ్చు. నోట్లో సిగరెట్టు పెట్టుకున్న పుర్రె, సీసాను చుట్టుకున్న పాము, ఒక సిరంజి, మూలన ఉరితాడు. పైన ఎర్ర స్కెచ్‌పెన్నుతో "సే నో టు డ్రగ్స్", కింద "మత్తుకు బానిస కావద్దు". చాలావరకు ఫోనులో వెతికి దించినవే. బహుమతులు ఇవ్వడం అవుతుంది, ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పడతాయి, వారం తిరక్కముందే చార్టులు చిరిగి రాలిపోతాయి.

ఈ శ్రమలో పిల్లల మంచి కోరనివాళ్ళు ఎవరూ లేరు. అందుకే మొహమాటం లేకుండా అడగాలి. పోస్టరు పదమూడేళ్ళ పిల్లవాణ్ణి మత్తుకు దూరంగా ఉంచగలదా? ఉంచగలిగితే ఎలాంటి పోస్టరు? ఎవరు గీసింది? డెబ్బై ఏళ్ళకు పైగా పరిశోధకులు ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతున్నారు. వాళ్ళకు దొరికిన జవాబులు చాలావరకు మన వరండాల్లో జరిగేదానికి ఎదురుగా ఉన్నాయి. వాటన్నిటినీ చదివాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది: పోస్టరు చూసేవాడికంటే గీసేవాడికే ఎక్కువ మేలు చేస్తుంది. అదీ చావును కాకుండా 'వద్దు' అనడాన్ని గీసినప్పుడు.

ముందు పిల్లల వయసు, వాళ్ళ చేతికి అందే సరుకు సంగతి చూద్దాం. 2019లో మన దేశంలో జరిగిన ప్రపంచ యువత పొగాకు సర్వేలో 13 నుంచి 15 ఏళ్ళ విద్యార్థుల్లో 8.5 శాతం మంది ఆ సమయానికి ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. వాళ్ళు మొదలుపెట్టిన వయసు ఇంకా కలవరపెట్టేది. సిగరెట్టు కాల్చినవాళ్ళలో 38 శాతం, బీడీ కాల్చినవాళ్ళలో 47 శాతం, ఖైనీ గుట్కాల్లాంటివి నమిలినవాళ్ళలో 52 శాతం పదో పుట్టినరోజుకు ముందే రుచి చూశారు. అదే ఏడాది ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో వెలువడిన జాతీయ సర్వేలో మరో నిజం బయటపడింది. పీల్చే మత్తులో మాత్రం పిల్లలు పెద్దవాళ్ళను మించిపోయారు. 10 నుంచి 17 ఏళ్ళవాళ్ళలో అది 1.17 శాతం, పెద్దవాళ్ళలో 0.58 శాతం. పీల్చేదంటే ఎక్కడో సముద్రాలు దాటి వచ్చింది కాదు. వైట్‌నర్, పంక్చర్లు వేసే సొల్యూషన్, పెయింటులో కలిపే థిన్నర్.

మన పోస్టరులో ఉన్నది సిరంజి. ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఎదురయ్యేది బడి పక్క కొట్టులో వేలాడే పాకెట్ల దండ, పెళ్ళిలో బావ గ్లాసులో మిగిల్చిన బీరు, పెన్నులా కనిపించే వేప్, చాక్లెట్ కాగితంలో చుట్టిన గంజాయి. కొన్ని ఊళ్ళలో పండగపూట ఇంట్లో పెద్దవాళ్ళే చిన్న గ్లాసులో పోసి నవ్వుతూ అందించే కల్లు కూడా. శ్రీకాకుళం, విశాఖ తీరగ్రామాల్లో ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు, అంటే చుట్టను వెలిగిన కొస నోట్లో పెట్టుకుని పీలుస్తారు. దానివల్ల అంగిట్లో పుండ్లు, కేన్సర్లు రావడం వైద్యులకు దశాబ్దాలుగా తెలిసిన విషయం. అక్కడి పిల్లకు పొగాకు అంటే పుర్రె గుర్తుకు రాదు, ఒళ్ళో కూచోబెట్టుకుని కథ చెప్పే నాయనమ్మ గుర్తుకొస్తుంది. ఆ పిల్ల సిరంజి బొమ్మ చూసి ఇది తన గురించి కాదనుకుంటే తప్పు ఆమెది కాదు.

ఇక భయం. భయపెడితే దూరంగా ఉంటారన్నది మనందరి నమ్మకం. 1953లో ఇర్వింగ్ జానిస్, సేమూర్ ఫెష్‌బాక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో హైస్కూలు పిల్లలకు పళ్ళ శుభ్రత గురించి మూడు రకాల ఉపన్యాసాలు వినిపించారు. ఒకదాంట్లో కుళ్ళిన పళ్ళు, చీముపట్టిన చిగుళ్ళ బొమ్మలు. ఒకదాంట్లో భయం మధ్యస్థం. మూడోదాంట్లో తక్కువ. ఎక్కువ కంగారుపడింది మొదటి గుంపు, ఎక్కువ అలవాటు మార్చుకుంది మూడో గుంపు. తర్వాతి పరిశోధనలు దీన్ని కొంత సవరించాయి. 1992లో కిమ్ విట్టే అనే పరిశోధకురాలు ఇచ్చిన వివరణ ఇప్పటికీ నిలబడుతోంది. భయంతోపాటు "దీన్నుంచి నేను తప్పించుకోగలను, ఇలా తప్పించుకోవాలి" అన్న ధైర్యం అందితేనే మనిషి కదులుతాడు. అది అందకపోతే తన భయాన్ని చల్లార్చుకునే పనిలో పడతాడు. బొమ్మవైపు చూడడు, లేదా "మనకేం కాదులే" అని నవ్వేస్తాడు. మన చార్టుల్లో భయం కావలసినంత ఉంది. తప్పించుకునే దారి మాత్రం ఎక్కడా గీయలేదు.

2005లో అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో మెత్ అనే మత్తుకు వ్యతిరేకంగా హోర్డింగులు వెలిశాయి. పుండ్లు పడిన ముఖాలు, ఊడిన పళ్ళు, అమ్మను కొడుతున్న కొడుకు. పేరు బాగా వచ్చింది, ఇతర రాష్ట్రాలూ అనుసరించాయి. కానీ ఆ ప్రచారానికి ముందే వాడకం తగ్గుముఖం పట్టిందనీ, ఆ ధోరణిని లెక్కలోకి తీసుకుంటే హోర్డింగుల వల్ల జరిగిందని చెప్పదగ్గ మేలు కనిపించడం లేదనీ 2010లో అచ్చయిన విశ్లేషణ తేల్చింది. మన దగ్గరా బొమ్మ గురి తప్పిన సందర్భం ఉంది. 2009 మే 31 నుంచి పొగాకు ప్యాకెట్ల మీద బొమ్మల హెచ్చరికలు తప్పనిసరయ్యాయి. నమిలే పొగాకు పాకెట్టు మీద అప్పుడు వేసింది తేలు. తేలుకూ నోటి కేన్సరుకూ సంబంధం ఏమిటో కొనేవాళ్ళలో చాలామందికి అందలేదు. తర్వాత దాన్ని తీసేసి నిజమైన నోటి పుండ్ల ఫొటోలు తెచ్చారు. 2016 ఏప్రిల్ నుంచి ప్యాకెట్టుకు రెండువైపులా 85 శాతం మేర హెచ్చరికే ఉంటోంది. ఎప్పటినుంచో తాగుతున్న మనిషి చేతిలో, తాగే క్షణంలో కనిపించే బొమ్మ అది. ఇంకా ముట్టుకోని పిల్లవాడికి బడి వరండాలో చూపించే బొమ్మ పని వేరు. ఈ రెంటినీ కలగలపడం వల్లే బడి పోస్టర్లలోకి ఇన్ని పుండ్లు, పుర్రెలు వచ్చి చేరాయి.

భయం పనిచేయకపోతే పోనీ, కీడు చేస్తుందా? కొన్నిసార్లు చేస్తుంది. 1998 నుంచి 2004 దాకా అమెరికా ప్రభుత్వం దాదాపు 100 కోట్ల డాలర్లతో గంజాయికి వ్యతిరేకంగా పిల్లల కోసం ప్రచారం నడిపింది. 2008లో వెలువడిన మదింపు ప్రకారం దానివల్ల వాడకం తగ్గిన దాఖలా లేదు. పైగా ప్రకటనలు ఎక్కువ చూసిన పిల్లలకు "చుట్టూ అందరూ తాగుతున్నారన్నమాట" అన్న అభిప్రాయం బలపడింది. పదమూడేళ్ళ వయసులో ఆ అభిప్రాయం కంటే ప్రమాదకరమైనది లేదు. "యువత మత్తులో చిత్తు", "విద్యార్థుల్ని మింగేస్తున్న గంజాయి" అని పెద్దక్షరాల్లో రాసి బడి గోడకు అంటించినప్పుడు మనం పిల్లలకు చెప్తున్నది అదే. అందరూ తాగుతున్నారు, మిగిలింది నువ్వే అని. పైన చెప్పిన సర్వేనే తిప్పి చదివితే నూటికి 91 మందికి పైగా పిల్లలు పొగాకు ముట్టుకోవడం లేదు. ఈ నిజాన్ని గీసిన చార్టు నాకు ఒక్కటీ కనిపించలేదు. తరగతిలో నలభై మంది ఉంటే ముట్టుకోనివాళ్ళు ముప్ఫై ఆరుగురో ముప్ఫై ఏడుగురో ఉంటారు. వాళ్ళే బొమ్మ నిండా ఉండాలి.

ప్రచారం ఎప్పుడూ విఫలమవుతుందని కూడా అనలేం. 1998లో ఫ్లోరిడాలో మొదలై 2000లో అమెరికా అంతటికీ విస్తరించిన 'ట్రూత్' ప్రచారంలో పిల్లలే ముందుండి సిగరెట్ కంపెనీని నిలదీశారు. న్యూయార్కులో ఓ పెద్ద కంపెనీ కార్యాలయం ముందు 1,200 శవాల సంచులు పేర్చారు. చావు బొమ్మే కదా అనిపించవచ్చు. కానీ ఆ వేలు పిల్లవాడి వైపు చూపడం లేదు, అమ్మేవాడి వైపు చూపుతోంది. అదే కాలంలో ఫిలిప్ మోరిస్ కంపెనీ తానే పిల్లలకు సిగరెట్ వద్దని బుద్ధి చెప్పే ప్రకటనలు వేసింది. 2002లో అచ్చయిన పోలికలో ట్రూత్ చూసిన పిల్లలు పొగాకుకు మరింత ఎడమయ్యారు. కంపెనీ ప్రకటనలు చూసినవాళ్ళలో సిగరెట్టు తాగవచ్చేమోనన్న ఆలోచన పెరిగింది. బుద్ధి చెప్పించుకోవడం ఆ వయసుకు గిట్టదు. మోసపోవడం అసలు గిట్టదు. తమను మోసం చేస్తున్నదెవరో చూపిస్తే పిల్లల్లో కలిగే కోపం మనకు ఉపయోగపడే కోపం. ఆంధ్రప్రదేశ్‌లో ఈమధ్య గోడల మీద కనిపిస్తున్న "డ్రగ్స్ వద్దు బ్రో" అన్న మాటలో నాకు నచ్చింది కూడా ఇలాంటిదే. అది పైనుంచి దిగిన ఆజ్ఞలా లేదు, పక్క బెంచీవాడు భుజం మీద చెయ్యేసి చెప్పినట్టుంది. అయితే ఆ పక్క బెంచీవాడు తర్వాత ఏం చెయ్యాలో కూడా చెప్పాలి.

అది చెప్పిన పోస్టరు ఒకటి ఉంది. సోవియట్ చిత్రకారుడు విక్తోర్ గోవోర్కోవ్ 1954లో వేసింది. భోజనాల బల్ల దగ్గర కోటు, టై కట్టుకున్న ఒక యువకుడు. ముందు పళ్ళెంలో కూర. పక్కనుంచి ఒక చెయ్యి చిన్న వోడ్కా గ్లాసు చాచింది. ఆ చెయ్యి ఎవరిదో బొమ్మలో లేదు. యువకుడు అరచేతిని నిలువుగా అడ్డంపెట్టాడు. కింద ఎర్రటి పెద్ద అక్షరాల్లో 'వద్దు' అని ఒక్క మాట. అతని ముఖంలో కోపం లేదు, భయం లేదు, నేను గొప్పవాణ్ణన్న బడాయి లేదు. బల్ల దగ్గరనుంచి లేచి వెళ్ళిపోవడం కూడా లేదు. భోజనం కొనసాగుతుంది, స్నేహమూ మిగులుతుంది, గ్లాసు మాత్రం వెనక్కి పోతుంది. ఆ దేశంలో తాగుడు దానివల్ల తగ్గిందని నేను అనడం లేదు. ఒక పిల్లవాడికి నేర్పాల్సిన కదలిక ఏమిటో ఆ చిత్రకారుడికి తెలుసంటున్నాను. ఆ కదలిక అవసరం ఎక్కడొస్తుందో చూడండి. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టీన్‌బర్గ్ చేసిన ప్రయోగంలో 13 నుంచి 16 ఏళ్ళవాళ్ళు కారు ఆటను ఒంటరిగా ఆడినప్పుడు పెద్దవాళ్ళలాగే జాగ్రత్తపడ్డారు. స్నేహితులు పక్కన నిలబడి చూస్తుంటే తెగించారు. పిల్లవాడికి హాని తెలియక కాదు. "ఏం కాదులేరా, ఒక్క దమ్ము" అన్నవాడి ముందు చులకన కాకుండా బయటపడే మాట దొరక్క.

ఆ మాట ఎక్కడ దొరుకుతుంది? గీసేటప్పుడు దొరుకుతుంది. ఒక అభిప్రాయాన్ని వినేవాడికంటే దాన్ని తన నోటితో వాదించేవాడు ఎక్కువ నమ్ముతాడని జానిస్, బెర్ట్ కింగ్ 1954లోనే చూపించారు. రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కేథ్రిన్ గ్రీన్, స్మితా బెనర్జీ 2006, 2007 సంవత్సరాల్లో వెలువరించిన అధ్యయనాల్లో బడిపిల్లల్ని గుంపులు చేశారు. ఒక గుంపు సిగరెట్ ప్రకటనల్ని విప్పి చదివింది. ఇంకో గుంపు ఆ పని చేసి, ఆపైన తమ సొంత వ్యతిరేక ప్రకటన తయారుచేసింది. తయారుచేసిన గుంపుకే ఎక్కువ ఫలితం దక్కింది. వాళ్ళు కొలిచింది పిల్లల అభిప్రాయాన్నీ ఉద్దేశాన్నీ మాత్రమే, ఏళ్ళ తరబడి అలవాటును కాదన్నది గుర్తుంచుకోవాలి. అయినా దిశ స్పష్టం. బొమ్మ వెయ్యాలంటే పిల్లవాడు ముందు నిర్ణయించుకోవాలి: ఇచ్చేవాడెవడు, ఎక్కడ, ఏమని ఇస్తాడు, నేనేమంటాను? ఫోనులో పుర్రెను దించుకున్నవాడికి ఈ నాలుగు ప్రశ్నల్లో ఒక్కటీ ఎదురుకాదు. ఈత నేర్పకుండా చెరువు ప్రమాదమని బోర్డు రాయించినట్టవుతుంది.

మన దేశంలోనే దీనికి గట్టి ఆధారం ఉంది, మన బడుల్లో దాని పేరు ఎందుకు వినబడదో నాకు అర్థం కాదు. ఢిల్లీలోని హృదయ్ సంస్థ 2004 నుంచి 2006 దాకా ఢిల్లీ, చెన్నైల్లోని 32 బడుల్లో ఆరు, ఎనిమిది తరగతుల పిల్లలతో 'మైత్రి' అనే ప్రాజెక్టు నడిపింది. సుమారు 14 వేల మంది పిల్లలు. సగం బడుల్లో తోటిపిల్లలే నాయకులుగా తరగతి కార్యక్రమాలు, గోడల మీద పోస్టర్లు, తల్లిదండ్రులకు పిల్లల చేత పంపే కార్డులు, పిల్లలే జరిపే ప్రచారం. మిగతా సగం బడుల్లో ఇవేవీ లేవు. రెండేళ్ళ తర్వాత చూస్తే ఏమీ చేయని బడుల్లో పొగాకు వాడకం 68 శాతం పెరిగింది, చేసిన బడుల్లో 17 శాతం తగ్గింది. ఇక్కడ పోస్టరు ఒంటరిగా లేదు. తరగతిలో మాట్లాడుకున్నదే గోడ మీద కనిపించింది, గోడ మీదున్నదే కార్డుగా ఇంటికెళ్ళింది. అందులో పోస్టరు వాటా ఎంతో ఎవరూ విడదీసి చెప్పలేరు, విడదీయాల్సిన అవసరమూ లేదు. ఈ ప్రాజెక్టు మొదట్లోనే ఒక ఆశ్చర్యం ఎదురైంది. పొగాకు ఒక్కసారైనా వాడినవాళ్ళు ఎనిమిదో తరగతిలో 9.3 శాతమైతే ఆరో తరగతిలో 24.8 శాతం. మనం పోటీలు పెట్టేది ఎక్కువగా ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు. ఆలస్యమవుతోంది.

బొమ్మలోనైనా పాఠంలోనైనా సొంత ఊరు ఉంటే ఏమవుతుందో తెలుగువాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం కోసం తయారైన వాచకాల్లో 'సీతమ్మ కథ' వంటి పాఠాలు సారా గురించి ఆడవాళ్ళ చేత మాట్లాడించాయి. దూబగుంటలో వర్ధినేని రోశమ్మతోపాటు ఆడవాళ్ళు కదిలి సారా దుకాణం మూయించారు. ఆ సంగతి 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న పాఠమై మిగతా ఊళ్ళకు చేరింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అది పెద్దవాళ్ళ పోరాటం, మద్యం ఆ తర్వాతా పూర్తిగా పోలేదు. కానీ ఆ పాఠం పుర్రెను చూపలేదు. మనలాంటివాళ్ళు ఒక పని చేశారని, అది జరిగిందని చూపింది.

పోటీ, బహుమతి సంగతి కూడా ఆలోచించాలి. 1973లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ లెపర్, ఆయన సహచరులు చిన్న పిల్లలకు స్కెచ్ పెన్నులిచ్చి, కొందరికి మాత్రం బొమ్మేస్తే రిబ్బను అంటించిన పత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొన్నాళ్ళకు ఆ పెన్నులు మళ్ళీ ముందు పెడితే, పత్రం కోసం వేసినవాళ్ళు మిగతావాళ్ళకంటే సగం సమయమే వాటితో గడిపారు. వాళ్ళు బడి మెట్టు ఎక్కని చిన్నారులు కాబట్టి నేరుగా పదమూడేళ్ళవాళ్ళకు అన్వయించకూడదు. అయినా మొదటి బహుమతి బొమ్మ చక్కగా వేసేవాడికే పోతుంది. మిగతా ముప్ఫై తొమ్మిది మంది చార్టు తెచ్చిన లెక్కలోనే మిగులుతారు. మత్తు విషయంలో మనకు కావలసింది ఆ ముప్ఫై తొమ్మిది మందే. ఒక్కరోజు పోటీ బదులు నెలరోజులపాటు నలుగురైదుగురు కలిసి ఒక బొమ్మ వెయ్యడం, దాని గురించి ఆరో తరగతికి వెళ్ళి చెప్పడం ఖర్చు లేని పని. గీత సరిగా రానివాడు మాట రాస్తాడు, మాట రానివాడు నటించి చూపిస్తాడు. పిల్లల చేత ఇలా చెప్పించకుండా పూర్వం మత్తులో మునిగి తేలినవాళ్ళను బడికి పిలిచి ప్రసంగాలు ఇప్పించడం కొన్నిచోట్ల రివాజు. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల విభాగం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2018లో వెలువరించిన ప్రమాణాలు దానివల్ల మేలు కనిపించలేదనీ, కీడూ జరగవచ్చనీ స్పష్టంగానే చెప్పాయి.

గోడకు అవతల ఏముందన్నది పిల్లలు మనకంటే ముందు చూస్తారు. 2003 పొగాకు చట్టం ప్రకారం బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదు, 18 ఏళ్ళ లోపు వాళ్ళకు ఎక్కడా అమ్మకూడదు. 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షను కింద పిల్లలకు మద్యం, పొగాకు, మత్తు పదార్థాలు ఇచ్చినవాళ్ళకు ఏడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటుంది. బడి గేటు ఎదుటి కొట్టులో పాకెట్ల దండ వేలాడుతుండగా, స్టాఫ్‌రూంలో మాస్టారి జేబులోంచి ఖైనీ వాసన వస్తుండగా వరండాలోని చార్టు అబద్ధం చెప్తున్నట్టుంటుంది. పిల్లల చేత ముందుగా గీయించాల్సింది ఆ 100 గజాల పటం అని నా అభిప్రాయం. ఏ కొట్టులో ఏం అమ్ముతారో వాళ్ళకు బాగా తెలుసు. ఆ పటాన్ని గోడకు కాక హెడ్మాస్టరు చేతికి, ఆయన ద్వారా పంచాయతీకి, పోలీసు స్టేషనుకు చేర్చాలి. పిల్లల పేర్లు మాత్రం దాని మీద ఉండకూడదు.

మరో సంగతి. నిజం గియ్యమని అడిగితే కొందరు పిల్లలు ఇంటిని గీస్తారు. తాగొచ్చిన నాన్న, తలుపు వెనక దాక్కున్న చెల్లి. ఎవరో ఒకరు తననే గీస్తారు. అలాంటి బొమ్మకు బహుమతి ఇవ్వకూడదు, దాన్ని గోడకెక్కించకూడదు, నలుగురి ముందు "ఇది మీ ఇంట్లోనా?" అని అడగకూడదు. ఆ పిల్లవాడితో ఒంటరిగా, నమ్మకమైన టీచరు మాట్లాడాలి. ఇంట్లో పిల్లలకు ఆపద ఉంటే 1098, మత్తు మానడానికి సాయం కావాలంటే 14446, గంజాయి అమ్మకాల సమాచారమివ్వాలంటే ఆంధ్రప్రదేశ్‌లో 1972, తెలంగాణలో 1908. ఈ నంబర్లు బడిలో ప్రతి టీచరు దగ్గరా ఉండాలి, ప్రతి పోస్టరు అడుగున స్లోగను కంటే పెద్దగా ఉండాలి. ఒక పిల్లవాడు మత్తు వాడాడని తెలిసిన మర్నాడే టీసీ చేతిలో పెట్టి పంపే అలవాటు మానాలి, ఎందుకంటే బడి మానిన పిల్లవాడికి మిగిలే స్నేహం ఆ మత్తు ఇచ్చినవాళ్ళదే. ఈ మాటలన్నీ చార్టులు పంచకముందే పిల్లలకు చెప్పాలి: మీకు ఇష్టం లేని బొమ్మను గోడకు పెట్టం, దాన్ని పట్టుకుని ఎవరినీ బడి నుంచి తీసెయ్యం, మాట్లాడాలనిపిస్తే ఫలానా టీచరు మధ్యాహ్నం భోజనాల తర్వాత లైబ్రరీ గదిలో ఉంటారు అని.